కారు ఇంట్లో, నేను బస్సులో: బీఎండబ్ల్యూ 330ఐతో మూడేళ్ల లీజు

వర్షంలో గొడుగు పట్టుకుని బస్సు కోసం నిలబడ్డాను. ఇంటి దగ్గర 258 హార్స్‌పవర్ల కారు కవరు కప్పుకుని నిద్రపోతోంది. ట్యాంకులో పెట్రోలుంది, టైర్లలో గాలుంది, తాళం నా బ్యాగులోనే ఉంది. లేనివల్లా కిలోమీటర్లే. అద్దెలాంటి ఈ లీజులో ఇన్ని కిలోమీటర్లే తిరగాలని కోటా ఉంది, దాటితే అదనపు ఛార్జీ. లీజు ముగియడానికి 62 రోజులుంది, నా కోటాలో మిగిలినవి 940. రోజుకి పదిహేను చొప్పున. ఆఫీసుకి రానూపోనూ ఇరవై రెండు. అందుకని వారానికి మూడు రోజులు బస్సు, రెండు రోజులు కారు. ఆ రెండు రోజులు కూడా దగ్గర దారి వెతుక్కుంటూ.

నడపడమంటే ఇష్టమని ఏరికోరి తెచ్చుకున్న కారుని నడపకుండా దాచుకోవడం ఎంత తెలివితక్కువ పనో, ఆ కథ చివర్లో చెప్తాను. ముందు కారు సంగతి.

ఇది 3 సిరీస్‌లో ఏడో తరం, 2018లో పారిస్ మోటార్ షోలో చూపించిన మోడల్. 3 సిరీస్ అన్న పేరు 1975 నుంచీ ఉంది. రెండు లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజను, ఎనిమిది గేర్ల ఆటోమేటిక్, వెనక చక్రాలకి శక్తి. మాది 2022 మార్పులకి ముందుది. అంటే ఏసీకి ఇంకా బటన్లున్నాయి. తర్వాతి కార్లలో డాష్‌బోర్డు మీద వంపు తిరిగిన పొడవాటి స్క్రీను వచ్చి ఆ బటన్లని మింగేసింది. చూడ్డానికి బాగుంటుంది, కాదనను. కానీ వెనక చిన్నాడు ఏడుస్తుంటే, ముందు అద్దం మీద ఆవిరి పడుతుంటే, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా వేలితో తడిమి నొక్కడానికి ఒక బటన్ ఉండటం ఎంత భాగ్యమో ఆ స్క్రీను గీసినవాళ్లకి ఎవరైనా చెప్పాలి.

షోరూములో సేల్స్ కుర్రాడు మొదటి పావుగంట మా ఆయనతోనే మాట్లాడాడు. "సార్, పికప్ చూడండి సార్, సున్నా నుంచి వంద స్పీడుకి 5.8 సెకన్లు సార్." మా ఆయన ఓపిగ్గా విని, "నాకెందుకు బాబూ, నడిపేది తను. నేను పక్కన కూర్చుని పాటలు మారుస్తాను, అంతే" అన్నాడు. కుర్రాడు నా వైపు తిరిగి మళ్లీ మొదలుపెట్టాడు. కాకపోతే ఈసారి పికప్ లేదు, సీటు కవర్ల రంగులున్నాయి.

అప్పటికే రెండు కార్లు నడిపి చూశాం. మెర్సిడెస్ సీ-క్లాస్ లోపల కూర్చుంటే దిగబుద్ధి కాదు, నడుపుతుంటే మాత్రం నాకు పెద్దగా పని లేనట్టుంది. వోల్వో ఎక్స్‌సీ60 మా అత్తయ్యకి నచ్చేసింది. ఎక్కక్కర్లేదు, దిగక్కర్లేదు, సీటు సరిగ్గా నడుము ఎత్తులో ఉంటుంది, ఇటు తిరిగి కూర్చోవడమే. పిల్లల భద్రత దృష్ట్యా చూసినా అదే తీసుకోవాలి. 2020 నుంచి తన కార్ల గరిష్ఠ వేగాన్ని గంటకి 180 కిలోమీటర్ల దగ్గర కట్టేసిన కంపెనీ అది. బుద్ధిమంతులు కొనాల్సిన కారు. నేను బీఎండబ్ల్యూ నడిపిన పది నిమిషాల్లో ఆ బుద్ధి ఎటో పోయింది.

ఆ పది నిమిషాల్లో ఏం జరిగిందంటే, ఒక రౌండ్‌అబౌట్ వచ్చింది. అంతే. స్టీరింగ్ తిప్పాను, కారు ముక్కు వెంటనే తిరిగింది. ఆలోచించి తిరగలేదు, ఒరిగి తిరగలేదు. నేను ఎంత అన్నానో అంతే. ముందు చక్రాలకి దారి చూపడం ఒక్కటే పని, తోసే పని వెనకవాటిది. పైగా ఇంజనుని వీలైనంత వెనక్కి జరిపి పెట్టారు కాబట్టి బరువు ముందూ వెనకా దాదాపు సగం సగం. ఇదంతా తర్వాత చదివి తెలుసుకున్నది. ఆ క్షణంలో తెలిసింది మాత్రం ఒకటే, బండి నా నడుము చుట్టూ తిరుగుతోందని.

మూడేళ్ల తర్వాత కూడా ఆ ముచ్చట తీరలేదు. అయితే దానికి వేగం అక్కర్లేదని అర్థమైంది. వందకి 5.8 సెకన్లన్నది నేను మహా అయితే నాలుగుసార్లు వాడుంటాను. అందులో రెండుసార్లు మా తమ్ముడికి చూపించడానికి. రోజూ పనికొచ్చేది 400 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే చక్రాలని తిప్పే బలం. ఇంజను నిమిషానికి 1,550 చుట్లు తిరిగేటప్పుడే అది మొత్తం చేతికందుతుంది. లారీని దాటాలంటే ఇంజను అరవక్కర్లేదు, గేర్‌బాక్స్ తడబడదు, కాలి బొటనవేలు కాస్త వంచితే చాలు. ట్రాఫిక్‌లో పాకుతున్నప్పుడు ఈ గేర్లు మారుతున్నట్టే తెలియదు. కొండ దారిలో స్పోర్ట్ మోడ్‌లో పెడితే అదే గేర్‌బాక్స్ మలుపుకి ముందే కింది గేరుకి దిగి కాచుకుని ఉంటుంది. పెద్దది వెనక కూర్చుని బొమ్మలు గీసుకుంటూ, "అమ్మా, ఇంకో మలుపు" అంటుంది. ఈ పిల్లకి మిగతా కార్లలో అయితే మూడో మలుపుకే వాంతి.

మైలేజీ ఊళ్లో లీటరుకి తొమ్మిదీ పదీ, హైవే మీద బుద్ధిగా వెళ్తే పదిహేను. ఈ బరువుకీ ఈ పరుగుకీ నాకది ఎక్కువే అనిపించింది.

కుటుంబం కారుగా ఎలా ఉందంటే, నలుగురికి బాగుంది, ఐదోవాళ్లకి శిక్ష. వెనక సీటు మధ్యలో నేల మీంచి గట్టులాంటిది లేచి ఉంటుంది. వెనక చక్రాలకి శక్తి తీసుకెళ్లే షాఫ్టు దాని కిందనుంచే పోవాలి కదా. మధ్యలో కూర్చున్నవాళ్లు కాళ్లు అటొకటి ఇటొకటి వేసుకోవాలి. చిన్నాడికి వెనక్కి తిరిగి ఉండే సీటు బిగించిన రోజుల్లో ముందు సీటుని ఎంత జరపాల్సి వచ్చిందంటే, ఆరడుగుల మా ఆయన మోకాళ్లు డాష్‌బోర్డుకి ఆనించి, నమాజు చేస్తున్నట్టు కూర్చునేవాడు. కొన్ని దేశాల్లో ఇదే కారు 110 మిల్లీమీటర్లు పొడవు పెంచిన రూపంలో దొరుకుతుంది. పిల్లలున్నవాళ్లు, అది దొరికే చోట ఉంటే, రెండో ఆలోచన లేకుండా అదే తీసుకోండి. డిక్కీ 480 లీటర్లు. రెండు పెద్ద పెట్టెలు, మడిచిన స్ట్రోలర్, మా అత్తయ్య మందుల బుట్ట పడతాయి. ఆవిడ కారు ఎక్కడం వేరే కార్యక్రమం. కారు ఎత్తే మీటరున్నర లోపు. మొదట వెనక్కి తిరిగి, తల వంచి, "ఇది కారా, నుయ్యా" అంటూ దిగుతారు.

టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లేటప్పుడు పిల్లల సీటు మోసుకెళ్లండి, పెద్దవాళ్లని వెంట తీసుకెళ్లండి, మీరు రోజూ వెళ్లే గతుకుల దారిలోనే నడుపుతానని పట్టుబట్టండి. ఈ మూడింట్లో నేను ఒక్కటీ చేయలేదు. షోరూమువాళ్లు తిప్పే దారి అద్దంలా ఉంటుంది. అలా ఉండే దారినే వాళ్లు ఎంచుకుంటారు.

నేను చేసిన పెద్ద తప్పుకి మూలం కూడా అక్కడే ఉంది. చక్రాలు. షోరూములో ఉన్నదానికి 19 అంగుళాలవి, చూడ్డానికి నగలా ఉన్నాయి. అవే కావాలన్నాను. 18 అంగుళాల చక్రానికి ముందు టైరు 225/45, 19కి 225/40. ఈ అంకెలు ఎవరూ విడమర్చి చెప్పరు, నేను చెప్తాను. మొదటిది టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. రెండోది, ఆ వెడల్పులో ఎంత శాతం టైరు గోడ ఎత్తు అన్నది. 225లో 45 శాతం 101 మిల్లీమీటర్లు. 40 శాతం 90. వెనక టైర్లు ఇంకా వెడల్పు, 18కి 255/40, 19కి 255/35. అక్కడ 102 కాస్తా 89 అయిపోతుంది. రోడ్డుకీ నా వెన్నుపూసకీ మధ్య ఉన్న మెత్తదనంలో ఒక వేలి మందం అందం కోసం కోసి ఇచ్చేశానన్నమాట.

దానికి తోడు రన్‌ఫ్లాట్ టైర్లు. వీటి గోడలు గట్టిగా ఉంటాయి, గాలి పూర్తిగా పోయినా బరువు మోస్తాయి. గంటకి 80 మించకుండా 80 కిలోమీటర్ల దాకా వెళ్లొచ్చు. అందుకే డిక్కీలో స్టెప్నీ ఉండదు. ఒక రాత్రి పిల్లలిద్దరూ నిద్రలో ఉండగా పంక్చరైతే, నేను దిగకుండానే నలభై కిలోమీటర్లు నడిపి ఇల్లు చేరాను. ఆ రాత్రి వాటికి దణ్ణం పెట్టుకున్నాను. మిగతా వెయ్యి రోజులూ ప్రతి గతుకూ అవి నాకు విడివిడిగా పరిచయం చేశాయి. పదమూడో నెలలో నీళ్లు నిండిన గుంట ఒకటి కనిపెట్టలేకపోయాను. ముందు టైరు గోడ మీద కోడిగుడ్డంత బుడిపె లేచింది. అలా లేచిందంటే లోపలి దారాలు తెగినట్టు. అతుకు లేదు, టైరు మార్చాల్సిందే. ముందువీ వెనకవీ సైజులు వేరు కాబట్టి అటువి ఇటు మార్చి అరుగుదల సమం చేసుకునే వీలు కూడా లేదు. 31,000 దగ్గర వెనక టైర్లు రెండూ అయిపోయాయి. రంగు గురించి వారం రోజులు కొట్టుకున్నాం. చక్రాల గురించి ఒక్క నిమిషం కూడా మాట్లాడుకోలేదు.

ఇక లీజు. ఖరీదైన కారు విలువ మొదటి మూడేళ్లలోనే జారిపోతుంది, ఆ జారుడు ఎవరి నెత్తిన పడాలన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. కొంటే మన నెత్తిన. లీజుకి తీసుకుంటే, మూడేళ్ల తర్వాత ఇది ఇంత పలుకుతుందని వాళ్లు ముందే ఒక అంకె రాసిస్తారు. మార్కెట్టు అంతకంటే పడిపోతే నష్టం వాళ్లది, మనం తాళాలిచ్చి వచ్చేయొచ్చు. నాకు ఈ ధీమా నచ్చింది. వారంటీ ఉన్నన్నాళ్లూ నడిపి, ఖర్చులు మొదలయ్యే వయసుకి దణ్ణం పెట్టి పంపేయొచ్చనుకున్నాను.

లెక్క చెప్తాను. కారు ధర వంద అనుకోండి. మూడేళ్ల తర్వాతి విలువ 55 అని రాశారు. మధ్యలో అరిగేది 45. దాన్ని 36 నెలలకి పంచితే నెలకి 1.25. దీని మీద వడ్డీ ఉంటుంది. అది శాతంలో చెప్పరు, 0.0025 లాంటి ఒక పిల్ల అంకె చూపిస్తారు. చూడగానే ఎంత తక్కువో అనిపిస్తుంది. దాన్ని 2,400తో గుణించండి, ఆరు వస్తుంది. ఏడాదికి ఆరు శాతం. ఆ పిల్ల అంకెని వందా యాభై ఐదూ కూడిన మొత్తానికి, అంటే 155కి వేస్తారు. తేడాకి కదా వెయ్యాలి, కూడడమేంటని నేను గొడవపడ్డాను. గొడవ నాది తప్పు. వాళ్ల డబ్బు మొదట్లో వంద, చివర్లో 55 మన దగ్గర ఉంటుంది కాబట్టి సగటు మీద వడ్డీ అది. కూడి సగం చెయ్యడం, ఏడాదిని పన్నెండు చెయ్యడం, అన్నీ ఆ చిన్న అంకెలోనే ఇమిడిపోయాయి. 155కి దాదాపు 0.39. మొత్తం నెలకి 1.64. మూడేళ్లకి 59. ఆ తర్వాత 55 కట్టి కొనుక్కుంటే మొత్తం 114. అదే ఆరు శాతానికి మొదట్లోనే వంద మొత్తానికీ మూడేళ్ల అప్పు తీసుకుంటే, వాయిదా పెద్దదైనా అసలు త్వరగా తీరుతుంది కాబట్టి, 109.5తో అయిపోయేది. పన్నులు కలపలేదు, అవి ఎక్కడి లెక్క అక్కడిది. చివరికి కొనబోయేవాళ్లకి లీజు చుట్టుదారి అని ఈ నాలుగున్నర చెప్తోంది. కొంటామో కొనమో తెలియనివాళ్లకి మాత్రం ఆ నాలుగున్నర, మనసు మార్చుకునే హక్కుకి కట్టిన ధర.

"నెలకి ఎంత?" అని మాత్రం అడక్కండి. నేను అడిగాను. అడగ్గానే కుర్రాడు నెల వాయిదా తగ్గించి చూపించాడు. కారు ధర తగ్గించి కాదు, ఏడాదికి 20,000 కిలోమీటర్లున్న కోటాని 15,000 చేసి. తక్కువ తిరిగిన కారు చివర్లో ఎక్కువ పలుకుతుంది, కాబట్టి అరుగుదల తగ్గుతుంది, వాయిదా తగ్గుతుంది. మోసమేమీ లేదు, కాగితం మీద అంతా ఉంది. మన ఇంట్లో ఏడాదికి ఎంత తిరుగుతామో మనకి తెలియకపోవడమే తప్పు. పాత కారు మీటరు చూసి ఉంటే సరిపోయేది. ముందుగా పెద్ద మొత్తం కట్టి వాయిదా ఇంకా తగ్గించుకోమని కూడా అన్నాడు. దానికి మాత్రం నేను ఒప్పుకోలేదు. రేపు కారు ప్రమాదంలో పూర్తిగా పోతే బీమా డబ్బు కారు సొంతదారుకి, అంటే లీజు కంపెనీకి పోతుంది. ముందు కట్టింది తిరిగి రావడం కష్టం.

మొదటి ఆరు నెలల్లో 11,300 తిరిగాను. కొత్త మోజు, పాల ప్యాకెట్‌కి కూడా కారే, అదీ దూరపు కొట్టుకి. ఏడాది తిరిగేసరికి 19,400. అప్పుడు తెలివొచ్చి ఒక నోట్‌బుక్ పెట్టాను. ఎడమవైపు తేదీ, కుడివైపు మీటరు. ఇంట్లో అందరూ పొదుపు పాటించాలి. మా ఆయన ఒకరోజు బ్యాటరీ దిగిపోకుండా ఉండాలని ఊరికే ఒక చుట్టు తిప్పుకొస్తే, "ఏడు కిలోమీటర్లు!" అని అరిచాను. మనిషి బిత్తరపోయాడు. చెల్లెలి ఇంటికి వెళ్లి రావడానికి 1,400 కిలోమీటర్లు. రెండేళ్లు వాయిదా వేశాం. నడపడానికి తెచ్చుకున్న కారు, మీటరు కాసే ఉద్యోగం ఇచ్చింది నాకు.

ముప్ఫై నాలుగో నెలలో లీజు కంపెనీ తనిఖీ మనిషి వచ్చాడు. టార్చి, కొలబద్ద, ఫోన్ కెమెరా. మర్యాదస్థుడే. కానీ ఆయన వెళ్లాక వచ్చిన జాబితా చూసి కళ్లు తిరిగాయి. ఒక చక్రం అంచుకి ఫుట్‌పాత్ గీత పడింది, ఒప్పుకుంటాను. జాబితాలో మూడు చక్రాలున్నాయి. వెనక సీటు మీద పిల్లల సీటు నొక్కిన గుర్తు "నష్టం" అట. తలుపు అంచున గోటి గీత "పెయింట్ పని" అట. ఫొటోలతో సహా ఉత్తరం రాశాను. కారు తెచ్చిన రోజు తీసిన ఫొటోలు ఉండటంతో ఒక చక్రం తగ్గింది. మీరూ మొదటి రోజే నాలుగు చక్రాలూ తేదీతో ఫొటో తీసి పెట్టుకోండి.

మిగతావాటి కోసం ఫోన్ చేశాను. అటువైపు ఒకమ్మాయి, నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు అడిగింది: "మేడమ్, కారు తిరిగిచ్చేస్తున్నారా, మీరే కొంటున్నారా?"

"కొంటే?"

"కొంటే ఇవేవీ ఉండవు కదా మేడమ్. తనిఖీ ఛార్జీలూ ఉండవు, అదనపు కిలోమీటర్ల ఛార్జీ కూడా ఉండదు. పదకొండో పేజీలో ఉంది చూడండి."

పదకొండో పేజీ తీశాను. ఉంది. రెండు లైన్లు. మూడేళ్లుగా అక్కడే ఉంది. నిజం చెప్పాలంటే ఏడాది కిందటే ఇంట్లో అందరికీ ఈ కారు మీద మమకారం పడిపోయింది, ఇది మనదగ్గరే ఉండిపోతుందని ఎవరూ పైకి అనకపోయినా అందరికీ తెలుసు. అయినా నేను వర్షంలో బస్సు స్టాపులో నిలబడ్డాను.

అదే మోడల్, అదే వయసు కార్లు బయట ఎంతకి అమ్ముతున్నారో వారం రోజులు చూశాను. ఒప్పందంలో రాసిన అంకె వాటికంటే తక్కువగానే ఉంది. కొనేశాం. ఆ రోజు మీటరు 44,912. నా పొదుపు పుణ్యమా అని కోటా దాటలేదు, 88 కిలోమీటర్లు మిగిలాయి కూడా. వాటిని ఏం చేసుకోమంటారని మా ఆయన అడిగాడు. నేను జవాబివ్వలేదు.

కారు నా పేరు మీదకి మారాక చేసిన మొదటి పని 19 అంగుళాల నగలు అమ్మేసి 18 వేయించడం. రెండో పని చెల్లెలి ఇంటికి బయల్దేరడం. సగం దారిలో, మామూలుగా ప్రతిసారీ ఎగిరెగిరి పడే ఆ అతుకుల రోడ్డు మీదకి రాగానే, వెనక కళ్లు మూసుకుని ఉన్న అత్తయ్య కళ్లు తెరిచి కిటికీలోంచి చూశారు.

"ఏమ్మా, ఈ రోడ్డు ఎప్పుడు వేశారు?"

"ఈమధ్యేనండి" అన్నాను.